తూటా తగలని గాయం ఎవరి ఖాతాలో పడాలి

మా నాన్న 31 ఏళ్ళు పోలీసు ఉద్యోగం చేశారు. రాత్రి డ్యూటీ ముగించుకుని ఏ వేళకు ఇంటికి చేరినా, ఆయన ముందుగా బూట్లు గుమ్మం బయటే విడిచి, మోచేతుల దాకా చేతులు కడుక్కుని, ఆ తరువాత మేము పడుకున్న గదిలోకి వచ్చి, నా కాలి వేళ్ళను ఒకసారి, తమ్ముడి కాలి వేళ్ళను ఒకసారి పట్టుకుని చూసి వెళ్ళేవారు. తడి ఆరని ఆ చెయ్యి తగిలి నాకు చాలాసార్లు మెలకువ వచ్చేది, కానీ కళ్ళు తెరిచేదాన్ని కాదు. తండ్రి ప్రేమ అలాగే ఉంటుందనుకునేదాన్ని. ఆయన రిటైరైన రెండేళ్ళకు, ఒక సాయంత్రం మాటల మధ్యలో ఆ అలవాటు గురించి అడిగితే, కాసేపు నేలవైపు చూసి, "వెచ్చగా ఉన్నాయో లేదో చూసుకునేవాణ్ణమ్మా" అన్నారు. నాకు ఆరేళ్ళున్నప్పుడు, నీళ్ళలో మునిగి చనిపోయిన ఒక పిల్లవాణ్ణి ఆయన తన చేతులతో బయటికి తీశారట. ఆ పిల్లవాడిదీ దాదాపు నా వయసే. నీళ్ళలో ముందుగా ఆయన చేతికి అందినవి వాడి పాదాలు. ఈ మాట ఇంట్లో చెప్పడానికి ఆయనకు 23 ఏళ్ళు పట్టింది.

ఆ పిల్లవాణ్ణి బయటికి తీసిన మరునాడు ఉదయం ఆయనను బందోబస్తు డ్యూటీకి వేశారు. ఆ రోజు గాని, ఆ వారంలో గాని ఎలా ఉన్నావని అడిగిన పై అధికారి ఒక్కరూ లేరు. అడగాలని వాళ్ళకు తోచకపోవడానికి కారణం వాళ్ళు కఠినాత్ములు కావడం కాదు; అడగడం తమ పనిలో భాగమని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. పోలీసుల భద్రత గురించి, ఆరోగ్యం గురించి, మానసిక గాయాల నుంచి కోలుకోవడం గురించి నేను కొన్నేళ్ళుగా చదువుతూ, ఈ ఉద్యోగంలో ఉన్నవారితో మాట్లాడుతూ వచ్చాను. చివరికి నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒక్కటే: విధి నిర్వహణలో మనసుకు తగిలిన దెబ్బ ఉద్యోగంలో తగిలిన గాయమే, దానికి చికిత్స చేయించవలసిన బాధ్యత, దాన్ని వీలైనంత వరకు నివారించవలసిన బాధ్యత సంస్థవి. ఆ బాధ్యతను అధికారి గుండె నిబ్బరం మీదికి నెట్టివేయడం అన్యాయం.

శరీరం విషయంలో ఈ సూత్రాన్ని ప్రపంచం ఎప్పుడో ఒప్పుకుంది. అమెరికాలో డ్యూపాంట్ సంస్థలో రసాయన శాస్త్రవేత్తగా పనిచేసిన స్టెఫనీ క్వొలెక్ 1965లో చేసిన పరిశోధన కెవ్లార్ అనే బలమైన పోగుకు దారితీసింది. 1970లలో దానితో చొక్కా లోపల తొడుక్కోదగిన తేలికపాటి రక్షణ కవచాలు తయారై పోలీసులకు అందాయి. అప్పటినుంచి వేల ప్రాణాలను ఆ కవచం కాపాడింది. తూటా ఛాతీకి తగిలితే, "నీ ఛాతీ ఇంకా గట్టిగా ఉండవలసింది" అని ఎవరూ అనరు. కవచం ఎందుకు ఇవ్వలేదని అడుగుతారు. అదే మనిషి మూడు నెలలుగా నిద్ర పట్టక, చిన్న చప్పుడుకు ఉలిక్కిపడుతూ, ఇంట్లో వాళ్ళ మీద విరుచుకుపడుతుంటే మాత్రం, "పోలీసువై ఉండి ఇలాగైతే ఎలా, గుండె దిటవు చేసుకో" అంటారు.

పోలీసు పనిలోని మానసిక గాయం సైనికుడి గాయం వంటిది కాదని చాలామందికి తెలియదు. సైనికుడు యుద్ధానికి వెళ్ళి తిరిగి వస్తాడు. పోలీసు ఉద్యోగి ప్రతి ఉదయం వెళ్ళి ప్రతి రాత్రీ తిరిగి వస్తాడు, మరునాడు మళ్ళీ అదే వీధిలోకి వెళతాడు. ఒక పెద్ద సంఘటన అతన్ని కూల్చకపోవచ్చు. రోడ్డు ప్రమాదాలు, ఉరి తాళ్ళు, కాలిపోయిన ఇళ్ళు, దెబ్బలు తిన్న పసిపిల్లలు, బిడ్డ చనిపోయిందని తల్లికి వెళ్ళి చెప్పవలసిన తలుపులు ఏళ్ళ తరబడి ఒకదాని మీద ఒకటి పేరుకుపోతాయి. అమెరికా మనోవైద్యుల సంఘం తన రోగ నిర్ధారణ గ్రంథంలో పీటీఎస్‌డీకి, అంటే తీవ్రమైన ఆఘాతం తరువాత మిగిలిపోయే మానసిక రుగ్మతకు, 1980లో తొలిసారి చోటిచ్చింది. 2013లో వెలువడిన ఐదవ ముద్రణలో, ఘోరమైన వివరాలను వృత్తిరీత్యా పదే పదే ఎదుర్కోవడం కూడా ఆ రుగ్మతకు కారణం కాగలదని చేర్చి, అందుకు ఉదాహరణగా పిల్లలపై జరిగిన అకృత్యాల వివరాలను పదే పదే ఎదుర్కోవలసి వచ్చే పోలీసు అధికారులను పేర్కొంది. తన మీద దాడి జరగకపోయినా, ఎదురుగా ఎవరూ తుపాకీ ఎత్తకపోయినా, కంప్యూటర్ ముందు కూర్చుని సాక్ష్యంగా వచ్చిన వీడియోలు చూసే దర్యాప్తు అధికారికి కూడా గాయం తగులుతుందని వైద్యశాస్త్రం ఆ విధంగా ఒప్పుకుంది. వైద్యగ్రంథం ఒప్పుకున్నంత మాత్రాన స్టేషన్ ఒప్పుకున్నట్టు కాదు.

ఇక్కడ నిద్ర గురించి కొంచెం ఎక్కువగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే పోలీసుల సంక్షేమం అనగానే ధ్యాన శిబిరాలూ స్ఫూర్తి ప్రసంగాలూ ఏర్పాటు చేసేవారు నిద్రను లెక్కలోకి తీసుకోవడం నేను చాలా తక్కువగా చూశాను. 2011లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వెలువడిన ఒక అధ్యయనం అమెరికా, కెనడాలలోని 4,957 మంది పోలీసులను పరిశీలించింది. వారిలో దాదాపు 40 శాతం మందిలో ఏదో ఒక నిద్ర రుగ్మత లక్షణాలు కనిపించాయి. వాటిలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే స్లీప్ ఏప్నియా. నెలకు ఒక్కసారైనా బండి నడుపుతూ నిద్రలోకి జారుకుంటున్నామని నాలుగో వంతుకు పైగా చెప్పారు. నిద్ర రుగ్మత ఉన్నవారిలో అలసట వల్ల పొరపాట్లు చేయడం, అనుమానితుల మీద, సామాన్యుల మీద పట్టలేని కోపం తెచ్చుకోవడం కూడా మిగిలినవారికంటే ఎక్కువగా ఉన్నాయి. ఈ చివరి సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. స్టేషన్‌కు వెళ్ళిన ఫిర్యాదుదారు ఎదుర్కొనే చిరాకు, వీధిలో జరిగే అనవసరపు చేయి చేసుకోవడం, వీటిలో కొంత భాగమైనా డ్యూటీ చార్టు రాసే బల్ల దగ్గర పుడుతోందన్నమాట.

1997లో నేచర్ పత్రికలో వచ్చిన మరొక ప్రయోగం 17 గంటలు వరుసగా మేలుకుని ఉన్న మనిషి చేతికీ కంటికీ మధ్య ఉండే పొందిక, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందనీ, 24 గంటలు మేలుకుంటే అది 0.10 శాతం స్థాయికి చేరుతుందనీ చూపించింది. తాగి బండి నడిపేవాణ్ణి పట్టుకోవడానికి రోడ్డు మీద నిలబెట్టిన అధికారి తానే అంతకంటే అధ్వాన్నమైన స్థితిలో తుపాకీ ధరించి నిలబడి ఉండవచ్చు. అమెరికాలోని డెట్రాయిట్, ఆర్లింగ్టన్ నగరాల పోలీసులపై జరిగి 2011లో వెలువడిన మరొక అధ్యయనంలో, 10 గంటల షిఫ్టులు చేసినవారు 8 గంటల షిఫ్టు వారికంటే ఎక్కువ నిద్రపోయారు, తక్కువ ఓవర్‌టైమ్ చేశారు. 12 గంటల షిఫ్టు వారిలో మాత్రం మగత పెరిగి చురుకుదనం తగ్గింది. కాబట్టి షిఫ్టుల అమరిక, రెండు డ్యూటీల మధ్య తప్పనిసరి విరామం, రాత్రి డ్యూటీ చేసి వచ్చినవారిని ఉదయమే కోర్టు సాక్ష్యానికి పిలవకుండా చూడడం, స్లీప్ ఏప్నియా పరీక్ష చేయించడం, ఇవన్నీ భద్రతా చర్యలే. ఖర్చు లేనివని అనను. సిబ్బంది పెరగాలి, సెలవు అడిగినవాడి మీద నేరం చేసినట్టు చూసే అలవాటు పోవాలి. అయినా నా మాట ఇదే: నిద్ర ఇవ్వలేని సంస్థ ధ్యానం నేర్పడానికి ముందుకు రాకూడదు.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వస్తాను. సహాయం ఉన్నచోట కూడా పోలీసులు దాన్ని ఎందుకు తీసుకోరు? మా నాన్నకు ఒక స్నేహితుడు ఉండేవారు, మేము ఆయనను బాబాయి అనేవాళ్ళం. ఒక కాల్పుల సంఘటన తరువాత ఆయన నిద్ర పట్టడం లేదని, రోడ్డు మీద బండి చప్పుడు విన్నా చేతులు వణుకుతున్నాయని శాఖ వైద్యుడితో చెప్పుకున్నారు. రెండు వారాలు తిరగకముందే ఆయన ఆయుధం వెనక్కి తీసుకున్నారు, స్టోరు గదిలో లెక్కలు చూసే పనికి మార్చారు. ఎందుకు మార్చారో ఎవరూ రాతపూర్వకంగా చెప్పలేదు కానీ, అందరికీ తెలిసిపోయింది. బాబాయి మళ్ళీ వీధి డ్యూటీకి రాలేదు. ఆ స్టోరు గది ముందు నుంచి నడిచి వెళ్ళిన ప్రతి కానిస్టేబుల్‌కూ ఒక పాఠం అందింది, మా నాన్నకు కూడా అందింది: నోరు విప్పితే పోయేది ఉద్యోగం. మా నాన్న మౌనాన్ని నేను ఆయన స్వభావమని 20 ఏళ్ళు అనుకున్నాను. అది ఆయన చూసి నేర్చుకున్న జాగ్రత్త.

దీనికి ఎదురుగా ఒక గట్టి ప్రశ్న ఉంది, దాన్ని నేను దాటవేయను. మనసు కుదురుగా లేని మనిషి చేతిలో తుపాకీ ఉంచడం ప్రజలకు ప్రమాదం కాదా, అటువంటప్పుడు వైద్యుడు గోప్యత పాటించడం తప్పు కాదా అని అడిగేవారిలో మంచివారు చాలామంది ఉన్నారు. ప్రమాదం నిజమే. డ్యూటీకి తగినవాడా కాదా అని తేల్చే పరీక్ష ఉండాలి, తక్షణ ప్రాణాపాయం కనిపిస్తే గోప్యతకు మినహాయింపు ఉండాలి, ఆ మినహాయింపు ఏమిటో మొదటి రోజే స్పష్టంగా చెప్పాలి. కానీ యోగ్యత పరీక్షించే వైద్యుడూ, మనసు విని చికిత్స చేసే కౌన్సెలరూ ఒక్కరే అయినప్పుడు, లేదా ఇద్దరి ఫైళ్ళూ ఒకే అల్మారాలోకి చేరినప్పుడు, ఆ గదిలోకి ఎవరూ అడుగు పెట్టరు. అప్పుడు శాఖ చేతికి వచ్చేది సురక్షితమైన సిబ్బంది కాదు, దాచుకోవడంలో ఆరితేరిన సిబ్బంది. చికిత్స తీసుకుంటున్న అధికారి చేతిలోని తుపాకీ కంటే, చికిత్సకు భయపడుతున్న అధికారి చేతిలోని తుపాకీ నన్ను ఎక్కువగా భయపెడుతుంది. అందుకే రెండు తలుపులు వేర్వేరుగా ఉండాలి, రెంటి మధ్య గోడ చట్టంతో కట్టినదై ఉండాలి. అమెరికాలో 2021 నవంబరులో వచ్చిన ఒక చట్టం, కేంద్ర ప్రభుత్వ పోలీసు సంస్థలలో తోటి ఉద్యోగుల సహాయ బృందాలకు చెప్పుకున్న మాటలకు, కొన్ని మినహాయింపులతో, ఇటువంటి గోప్యతనే కల్పించింది.

ఆయుధం తాత్కాలికంగా వెనక్కి తీసుకోవలసి వస్తే, తిరిగి ఇచ్చే దారి కూడా అదే కాగితం మీద రాసి ఉండాలి. మోకాలికి ఆపరేషన్ చేయించుకున్న అధికారికి ఎప్పుడు ఏ పరీక్ష చేస్తారో, ఎప్పుడు తేలికపాటి డ్యూటీ ఇస్తారో, ఎప్పుడు పూర్తి డ్యూటీకి పంపుతారో ముందే తెలుస్తుంది. బాబాయికి అటువంటి తేదీ ఒక్కటైనా చెప్పి ఉంటే, ఆ స్టోరు గది ఆయనకు సమాధిలా తోచేది కాదని నా నమ్మకం.

సరిగ్గా చేస్తే ఫలితం ఉంటుందా అన్నదానికి నాకు తెలిసిన అతి బలమైన ఉదాహరణ కెనడాలోని మాంట్రియల్ నగర పోలీసు శాఖది. అక్కడ ఆత్మహత్యల నివారణకు 1997లో ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. అన్ని స్థాయిల సిబ్బందికీ శిక్షణ, పై అధికారులకూ ఉద్యోగ సంఘ ప్రతినిధులకూ కష్టంలో ఉన్నవారిని గుర్తించడంలో అదనపు శిక్షణ, తోటి పోలీసులే మాట్లాడే టెలిఫోన్ సహాయం, ఇవన్నీ ఉన్నాయని శాఖలో ప్రతి ఒక్కరికీ తెలిసేలా చేసిన ప్రచారం, అన్నీ కలిసికట్టుగా నడిచాయి. తరువాతి 12 ఏళ్ళలో ఆ శాఖలో ఆత్మహత్యల రేటు 79 శాతం తగ్గిందని 2012లో వెలువడిన అధ్యయనం తెలిపింది. అదే రాష్ట్రంలోని మిగిలిన పోలీసు శాఖలలో అటువంటి తగ్గుదల లేదు. ఒక నగరం, కొన్ని వేల మంది సిబ్బంది, కాబట్టి ఈ అంకెను మంత్రంలా జపించకూడదు. కానీ దాని తీరు గమనించదగినది: ఉద్యోగ సంఘం లోపల ఉంది, పై అధికారులు పాఠం నేర్చుకునే బల్లల మీద కూర్చున్నారు, ఫోను ఎత్తేవాడు అదే యూనిఫాం వేసుకున్న మనిషి. కిందివాణ్ణి మాత్రమే మారమనలేదు.

మంచి ఉద్దేశం ఒక్కటే చాలదన్న సంగతి కూడా ఈ రంగమే నేర్పింది. 1980లలో అమెరికాలో జెఫ్రీ మిచెల్ ప్రాచుర్యంలోకి తెచ్చిన డీబ్రీఫింగ్ పద్ధతిలో, ఘోరమైన సంఘటన జరిగిన కొద్ది రోజులలోనే అందులో పాల్గొన్నవారిని ఒకచోట కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పించేవారు. ఎన్నో శాఖలు దాన్ని తప్పనిసరి చేశాయి. తరువాత అధ్యయనాలను గుదిగుచ్చి పరిశీలించినప్పుడు, ఒక్కొక్కరితో విడిగా ఒక్కసారి జరిపే అటువంటి డీబ్రీఫింగ్ పీటీఎస్‌డీని నివారిస్తుందన్న ఆధారం దొరకలేదు, కొందరికి కీడు జరిగిన సూచనలు కూడా కనిపించాయి. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు ఇప్పుడు దాన్ని చేయవద్దనే చెబుతున్నాయి. ఇష్టం లేనివాడి చేత గాయం విప్పించి చూపించడం వైద్యం కాదు. మొదటి రోజులలో కావలసినవి మామూలు సంగతులే: డ్యూటీ నుంచి ఒకటి రెండు రోజుల విరామం, నిద్ర, ఇంటివాళ్ళకు సమాచారం, నమ్మకమున్న తోటి ఉద్యోగి ఒకరు పక్కన ఉండడం, కొన్ని వారాల తరువాత మరచిపోకుండా మళ్ళీ వచ్చి అడగడం. అప్పటికీ లక్షణాలు తగ్గకపోతే, ఆఘాతం మీద దృష్టి పెట్టే ప్రత్యేక మానసిక చికిత్సలు ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాలలో సిఫారసు చేసినవి అటువంటివే, అవి చాలామందిని మళ్ళీ పనిలోకి తీసుకురాగలవు. పీటీఎస్‌డీ వస్తే ఉద్యోగ జీవితం అయిపోయినట్టేనన్న నమ్మకం శాఖలలో ఎంత బలంగా ఉందో, అంత అబద్ధం కూడా.

గాయం ఉద్యోగం వల్లనే తగిలిందని నిరూపించే భారం ఎవరిది అన్న ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ, కుటుంబాల జీవితాలు దాని మీదే నిలిచి ఉంటాయి. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం 2016లో చేసిన చట్టం ప్రకారం, పోలీసులకూ అగ్నిమాపక సిబ్బందికీ పీటీఎస్‌డీ ఉందని నిర్ధారణ అయితే, అది విధి నిర్వహణ వల్లనే వచ్చిందని ముందుగా భావిస్తారు, కాదనేవారే నిరూపించాలి. అమెరికాలో విధి నిర్వహణలో మరణించినవారి కుటుంబాలకు 1976 నుంచి కేంద్ర ప్రభుత్వ పరిహారం ఉన్నా, ఆత్మహత్య చేసుకున్నవారి కుటుంబాలను దాదాపుగా దూరంగానే ఉంచారు. 2022 ఆగస్టులో వచ్చిన చట్టం, విధి నిర్వహణలో ఎదురైన ఘోర సంఘటన వల్ల కలిగిన మానసిక గాయంతో ప్రాణం తీసుకున్నవారి కుటుంబాలకు కొన్ని షరతులతో ఆ తలుపు తెరిచింది. తలుపు తెరుచుకోవడానికి 46 ఏళ్ళు పట్టింది. ఆ మధ్యకాలంలో భర్తనో భార్యనో పోగొట్టుకుని, అది వ్యక్తిగత బలహీనత అని చెప్పించుకుని ఇంటికి వెళ్ళినవారికి ఎవరు సమాధానం చెబుతారు?

పోలీసుల చేతిలో అన్యాయం జరిగినవారు ఈ వ్యాసం చదివితే నొచ్చుకోవచ్చని నాకు తెలుసు. దెబ్బ కొట్టినవాడి గాయం గురించి ఎందుకింత ఆరాటమని వారు అడిగితే, ఆ ప్రశ్నకు విలువ ఉంది. మానసిక గాయం నేరానికి సాకు కాదు. అధికారాన్ని దుర్వినియోగం చేసినవాడు విచారణ ఎదుర్కోవాలి, శిక్ష పడితే అనుభవించాలి. కానీ జవాబుదారీతనం, సంక్షేమం తక్కెడలో రెండు వైపులా పెట్టి తూచవలసినవి కావు. అమెరికాలో 21వ శతాబ్దపు పోలీసు వ్యవస్థపై అధ్యక్షుడు నియమించిన కార్యదళం 2015లో ఇచ్చిన నివేదికలో ఆరు మూలస్తంభాలను పేర్కొంది. మొదటిది ప్రజల నమ్మకం, ఆరవది అధికారుల ఆరోగ్యం, భద్రత. ఆ రెండూ ఒకే నివేదికలో ఉండడం యాదృచ్ఛికం కాదు. మూడు రాత్రులు నిద్ర లేని మనిషి, నిన్న ఒక శిశువు శవాన్ని ఎత్తిన మనిషి, ఈ రోజు మీ ఇంటి గొడవలో న్యాయం చెప్పడానికి వస్తున్నాడు. అతని స్థితి మీకు కూడా సంబంధించినదే.

కుటుంబాల గురించి ఎవరూ అంతగా రాయరు. మా అమ్మ ఆ 31 ఏళ్ళూ నాన్న బండి చప్పుడును బట్టి ఆ రాత్రి ఎలా గడుస్తుందో చెప్పగలిగేది. ఇంజను ఆగిన వెంటనే గేటు చప్పుడైతే మామూలు రోజు. ఇంజను ఆగి, గేటు తెరుచుకోకుండా నిశ్శబ్దం సాగితే, ఆమె మా గదిలో దీపం ఆర్పి మమ్మల్ని నిద్ర నటించమనేది. బయట చీకట్లో ఆయన బండి మీదే కూర్చుని ఉండేవారు, కొన్నిసార్లు అరగంట. ఆ లక్షణాలు ఏమిటో, ఎవరికి చెప్పాలో, చెబితే ఆయనకు హాని జరగదని ఎవరు హామీ ఇస్తారో ఆమెకు శాఖ ఏనాడూ తెలియజేయలేదు. ఉద్యోగంలో చేరిన వారంలోనే కుటుంబాన్ని ఒక పూట పిలిచి ఈ మాటలు చెప్పడానికి పెద్ద నిధులు అక్కర్లేదు.

కిందటి నెల మా బంధువుల అబ్బాయి పోలీసు శిక్షణ ముగించుకుని మా ఇంటికి వచ్చాడు. వాళ్ళకు మానసిక ఆరోగ్యం మీద ఒక తరగతి పెట్టారట, చివర్లో సహాయానికి ఫోన్ నంబరు ఉన్న కార్డు కూడా ఇచ్చారట. మా నాన్న ఆ కార్డు తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ముందూ వెనకా తిప్పి చదివారు. "దీనికి ఫోను చేస్తే నీ పేరు ఎక్కడెక్కడ రాస్తారు?" అని అడిగారు. అబ్బాయికి తెలియదు, తరగతిలో ఎవరూ అడగలేదన్నాడు. "వెళ్ళి అడుగు. నోటితో చెబితే ఒప్పుకోకు, రాసి ఇమ్మను" అని ఆ కార్డును వాడి జేబులో ఆయనే తిరిగి పెట్టారు.